కప్పుకునే తోట

(హన్మకొండలో మహిళల కుట్టుపని బృందం సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

అక్కలకు, చెల్లెళ్లకు, ఇవాళ మొదటిసారి వచ్చిన ఆడపిల్లలకు నమస్కారం.

లోపలికి వస్తూనే అందరూ గోడల వెంట తిరిగి బొంతలు చూశారు. కొందరు ముట్టుకోవచ్చా అని మెల్లగా అడిగారు. నిశ్చింతగా ముట్టుకోండి. తిప్పి వెనుక కుట్టు కూడా చూడండి. బొంత పని ఎట్లా చేశారో ముందువైపు కన్నా వెనుకవైపే ఎక్కువ తెలుస్తుంది.

ఈసారి మేం పెట్టుకున్న ఛాలెంజ్ పెరటి తోట. నియమాలు కొన్నే. బొంత నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉండాలి, అంటే చిన్నపిల్లలకు కప్పే సైజు. సగానికి పైగా పాత బట్టే వాడాలి. పొరలను కలిపే కుట్టు చేత్తో వేయాలి. చివరిది, అందరికీ పంచిన ఎర్రమట్టి రంగు చేనేత గుడ్డ ప్రతి బొంతలో ఎక్కడో ఒకచోట కంటికి కనబడాలి. మొదటి, రెండో బహుమతులు లేవు. అందరూ పూర్తి చేసి తెచ్చి ఇక్కడ వేలాడదీయాలి, అంతే.

నియమాలు ఎందుకు, ఎవరికి నచ్చినట్టు వాళ్లు కుట్టుకోవచ్చు కదా అని కొత్తవాళ్లు అడుగుతున్నారు. పదిమంది కలిసి చేసే పనికి కొలత చాలా ముఖ్యం. 1987 అక్టోబరులో అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో ఎయిడ్స్‌తో చనిపోయిన వాళ్ల జ్ఞాపకంగా కుట్టిన 1,920 బొంత పలకలను ఒక మైదానంలో పరిచారు. ఒక్కో పలక మూడడుగులు, ఆరడుగులు. తల్లులు, అన్నదమ్ములు, స్నేహితులు తలా ఒకటి కుట్టారు. ఒకరు చొక్కా ముక్క పెట్టారు, ఒకరు బొమ్మ పెట్టారు. ఎవరి దుఃఖం వాళ్లు కుట్టుకున్నారు. కొలత ఒకటే కాబట్టి అవన్నీ పక్కపక్కన చేరి ఒకే బొంతగా నిలబడ్డాయి. మనది అంత పెద్ద విషయం కాదు. కానీ ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది. కొలత, మట్టి రంగు గుడ్డ అందరివీ ఒకటే. తోట మాత్రం ఎవరిది వాళ్లదే.

నా బొంత ఎట్లా కుట్టానో చెప్పమని నన్ను పిలిచారు. కుట్టేటప్పుడు ఏం ఆలోచించాలో చెబితే మీకు ఎక్కువ ఉపయోగం అనిపించింది, అందుకే మాటలన్నీ దాని చుట్టే తిరుగుతాయి. బొంత కప్పుకోవడానికి, పడుకోవడానికి. తోట బొంత అయినా సరే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే రంగు దగ్గరి నుంచి దారం దాకా చాలా సందేహాలు వాటంతట అవే తీరుతాయి.

మన ఇళ్లల్లో బొంత తెలియని వాళ్లు లేరు. నాలుగైదు పాత చీరలు, నడుమ బాపు పాత పంచెలో లుంగీలో పరిచి, అంచులు లోపలికి మడిచి, సాదా కుట్టుతో వరుసలు వేసుకుంటూ పోతారు. పుట్టిన పిల్లలకు కొత్త బట్ట గుచ్చుకుంటుందని ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరల బొంతే వేస్తారు. ఈ పని మన ఒక్కరిదే కాదు. బెంగాల్‌లో కాంథా, బీహార్‌లో సుజని, మహారాష్ట్రలో గోధడీ, అన్నీ పాత బట్టను పొరలుగా పేర్చి సాదా కుట్టు వేసేవే. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు సిద్దీ తెగ ఆడవాళ్లు కుట్టే కవంది అనే బొంత చూడండి, నాకు అదంటే చాలా ఇష్టం. వాళ్లు ఒక మూల నుంచి మొదలుపెట్టి ముక్కలు అతుక్కుంటూ చుట్టూ తిరిగి నడుమకు వస్తారు. అయిపోయాక నాలుగు మూలల్లో గుడ్డ మడతపెట్టి చిన్న పూలలాంటివి కుడతారు. ఆ పూలు లేకపోతే బొంత పూర్తయినట్టు కాదని వాళ్ల లెక్క.

అమెరికాలో 1920లు, 30లలో బాగా వ్యాపించిన పూలతోట నమూనా ఒకటుంది. ఆరు భుజాలుండే ముక్కలతో చేస్తారు. నడుమ ఒక ముక్క, దాని చుట్టూ ఆరు, వాటి చుట్టూ పన్నెండు, మొత్తం పంతొమ్మిది ముక్కలకు ఒక పువ్వు. ఇట్లాంటి పూలు కుట్టి, వాటి మధ్య బాటలాగా ఒకే రంగు ముక్కలు నడిపిస్తారు. ముక్క వంకర పోకుండా కాగితం మీద మడిచి కుట్టి తర్వాత కాగితం తీసేస్తారు. ఓపిక ఉన్నవాళ్లు తప్పకుండా నేర్చుకోవాల్సిన పని. మా బృందంలో ఒక చెల్లె ఆ పద్ధతిలోనే బంతి తోట కుట్టింది, కిటికీ పక్కన ఉన్నది అదే. బంతి పువ్వుకు ఆ నమూనా బాగా నప్పింది. గుమ్మడి పువ్వుకైతే నప్పేది కాదు.

ఇక్కడే అసలు విషయంలోకి వస్తాను. తోట అనగానే ఫోన్ తీసి నమూనాలు వెతుకుతాం. గులాబీలు, తులిప్‌లు, పిల్లలు గీసే అయిదు రేకుల పువ్వు, పక్కన రెండు ఆకులు. అవి కుట్టొచ్చు, చూడటానికీ బాగుంటాయి. అయితే అట్లా కుట్టిన బొంత మీ తోటదని ఎవరూ గుర్తుపట్టరు. కత్తెర పట్టుకునే ముందు మీ పెరట్లోకి వెళ్లి కూర్చోండి. పెరడు లేకపోతే బాల్కనీలో డబ్బాల దగ్గర, అవీ లేకపోతే మీ అమ్మ వాళ్ల ఊళ్లో.

నేను తీసుకున్నది మా అత్తమ్మ ఇంటెనుక పెరడు. పరకాల వైపు ఊరు, గూనపెంకల ఇల్లు. ఎన్నో ఏళ్లుగా చూస్తున్న పెరడే. బొంత కోసం చూసినప్పుడు మాత్రం కొత్త సంగతులు తెలిశాయి. పువ్వులన్నీ ఒకేసారి విచ్చుకోవు. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. బీర పువ్వు పొద్దుగూకేటప్పుడు విచ్చుతుంది. అనిగెపుకాయ, అంటే సొరకాయ, దాని తీగ తెల్లపువ్వు కూడా సాయంత్రానిదే. పొద్దటి పువ్వు, సాయంత్రం పువ్వు రెండూ విప్పారినట్టు ఒకే బొంత మీద కుట్టామంటే అది ఏ వేళ తోట? అందుకని నేను ఒక వేళ, ఒక కాలం ఖాయం చేసుకున్నాను. బతుకమ్మ రోజుల్లో పొద్దున, ఇంకా ఎండ ఎక్కని వేళ. దాంతో ఏం పెట్టాలో ఏం వదలాలో తేలిపోయింది. గుమ్మడి విచ్చుకుని ఉంటుంది, బీర మొగ్గ బిగిసి ఉంటుంది. దడి అవతల తంగేడు పచ్చగా పూసి ఉంటుంది. విత్తనానికి వదిలేసిన పుంటికూర (గోంగూర) మొక్కలు మనిషంత ఎత్తు లేచి పువ్వు తొడుగుతాయి.

పుంటికూర పువ్వును ఎంతమంది దగ్గరగా చూశారు? రోజూ కూర వండుతాం, పువ్వు వచ్చేదాకా ఉండనివ్వం. లేత పసుపు రేకులు, నడుమ ముదురు ఎరుపు మచ్చ. బెండ పువ్వు కూడా అట్లాగే ఉంటుంది, అవి రెండూ మందారం కుటుంబంవే. ఆ ముదురు మచ్చ కుట్టకపోతే అది ఏ పువ్వో తెలియదు. గుమ్మడిలో మగ పువ్వు సన్నని పొడవాటి కాడ మీద నిలబడుతుంది, ఆడ పువ్వు కింద చిన్న గుండ్రటి కాయ అప్పటికే ఉంటుంది. తంగేడుకు అయిదు రేకులు, అంచులు కాస్త ముడతలుగా ఉంటాయి. ఆకు చూడబోతే ఒక్కో ఈనెకు ఎనిమిది నుంచి పన్నెండు జతల చిన్నాకులు. తంగేడు మన రాష్ట్ర పుష్పం, బతుకమ్మ తంగేడుతోనే మొదలవుతుంది. అయినా ఆకు ఎట్లా ఉంటుందో గీయమంటే చాలామంది తడుముకుంటారు. గీయడం రాకపోయినా ఫరవాలేదు. ఒక ఆకు తెంపి కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్ తిప్పండి. అదే మీ నమూనా.

ఇంకో సంగతి గమనించండి. ఏ పెరట్లోనైనా పువ్వు తక్కువ, ఆకు ఎక్కువ, మట్టి ఇంకా ఎక్కువ. బొంత నిండా పువ్వులు కుక్కితే పూల దుకాణం అవుతుంది. నా బొంతలో గుమ్మడి పువ్వులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతాదంతా ఆకు, తీగ, మడి, కాలువ, బోరింగ్ దగ్గరి బురద. మధ్యాహ్నం చూసినవాళ్లలో ఒకామె, "ఖాళీ ఎక్కువ ఉన్నట్టుంది కదా" అన్నారు. ఆ ఖాళీ జాగాలోనే కదా మనం నడిచేది, కలుపు తీసేది, నీళ్లు పోసేది. తోట పని చేసిన మనిషికి ఆ జాగా కూడా తోటే.

ఇప్పుడు దిక్కు గురించి. ఈ ఒక్క మాట కోసమైనా మీరు ఇవాళ వచ్చినందుకు ఫలితం ఉందని నేననుకుంటాను. గోడకు వేలాడే బొమ్మకు పైనా కిందా ఉంటుంది. ఆకాశం పైన, నేల కింద. మంచం మీద పరిచిన బొంతకు పైన ఏది, కింద ఏది? తల్లి ఒక పక్క కూర్చుంటుంది, పిల్ల నడుమ పడుకుంటుంది, అవ్వ ఇంకో పక్క నుంచి వంగి చూస్తుంది. ఒకే వైపు నిలబడ్డ చెట్లు కుడితే ఒకరికి నిటారుగా, మిగతావాళ్లకు తలకిందులుగానో అడ్డంగానో కనబడతాయి.

అందుకని నేను పెరడును పై నుంచి చూసినట్టు పరిచాను. నడుమ బోరింగ్, దాని నుంచి నాలుగు వైపులా కాలువలు, కాలువల మధ్య మడులు. మొక్కలను మాత్రం నడుమ వేరు, బయటి అంచు వైపు తల ఉండేట్టు పడుకోబెట్టాను. ఇప్పుడు ఏ పక్క నిలబడినా ఆ పక్క మొక్కలు మీకు నిటారుగా కనబడతాయి. చిన్నపిల్లలు చెరువు బొమ్మ గీసేటప్పుడు చుట్టూ చెట్లను ఇట్లాగే గీస్తారు. పెద్దయ్యాక బడిలో అది తప్పని నేర్పిస్తారు. బొంతకు అదే సరైన పద్ధతి. గోడ మీద చూస్తే నా బొంత కొంచెం తికమకగా ఉందని నాకూ తెలుసు. ఆ మూల మంచం వేయించాను, దాని మీద పరిచి చుట్టూ తిరిగి చూడండి. వచ్చేసారి అన్ని బొంతలకూ మంచాలు ఏర్పాటు చేయమని నిర్వాహకులను గట్టిగా అడుగుతున్నాను.

రంగుల మాటకొస్తే, మేం పంచుకున్న ఎర్రమట్టి గుడ్డ చూసి మొదట చాలామంది ముఖం ముడిచారు. తోటకు ఎరుపేమిటి, పచ్చగుడ్డ ఇవ్వాలి కదా అన్నారు. మన చెల్క నేలల రంగు అది. కథలు చెప్పే చేర్యాల నకాషీ బొమ్మల పటాలు చూసినవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. ఆ పటాల్లో వెనుక నేపథ్యమంతా ఎర్రటి ఎరుపు. దాని మీద అరటి ఆకైనా మామిడి కొమ్మైనా పచ్చరంగు పెడితే ఆ పచ్చ కళ్లలోకి దూకుతుంది. ఎరుపు, పచ్చ ఒకదానినొకటి పైకి తెస్తాయి. అందుకే ఆ గుడ్డ అందరికీ కలిసొచ్చింది. నేను మడులన్నీ దానితోనే చేశాను. రేగడి నేల ఊరి నుంచి వచ్చిన ఒక అక్క తన మట్టి నల్లగానే ఉండాలని పట్టుబట్టి, ఎర్రగుడ్డను దడి పక్కన ఆరేసిన మిరపకాయల కళ్లం చేసింది. చూస్తే ఎంత ముచ్చటగా ఉందో!

పచ్చలో ఎన్ని పచ్చలున్నాయో పాత చీరలు వెతికితేనే తెలుస్తుంది. చిలకపచ్చ, ఆకుపచ్చ, ముదురాకుపచ్చ, ఉతికి వెలిసిపోయి బూడిద కలిసినట్టున్న పచ్చ. ఆ వెలిసిన పచ్చను పారేయకండి, దూరంగా ఉన్న ఆకుకు, మంచు పట్టిన ఆకుకు అంతకన్నా మంచి రంగు కొత్త బట్టల దుకాణంలో దొరకదు. ఆకు పైభాగం ముదురు, అడుగుభాగం లేత. గాలికి తిరగబడ్డ ఆకు కుట్టాలంటే వేరే గుడ్డ అక్కర్లేదు, అదే గుడ్డను తిరగేసి పెట్టండి. అచ్చు చీరల్లో వెనుకవైపు ఎప్పుడూ ఒక పాలు లేతగానే ఉంటుంది.

ముక్కలన్నీ నేల మీద పేర్చాక ఫోన్‌తో ఒక ఫొటో తీసి దాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. రంగులతో చూసినప్పుడు పసుపు వేరు, పచ్చ వేరు అనిపిస్తుంది. నలుపు తెలుపులో రెండూ ఒకే బూడిదరంగులోకి వచ్చాయంటే పువ్వు ఆకులో కలిసిపోతుందని అర్థం. అప్పుడు ఆకును ఇంకాస్త ముదురు చేయాలి. ఈ చిన్న పరీక్షతో చాలా శ్రమ తప్పుతుంది.

పాలిస్టర్ పెట్టొచ్చా అని తరచు అడుగుతారు. ఒంటికి తగిలే వైపు వద్దు, చెమట పీల్చదు. మడత నిలవదు, ఇస్త్రీ వేడి ఎక్కువైతే కరిగిపోతుంది. ఒక్క చోట మాత్రం నేనే పెట్టాను, గునుగు పువ్వుకు. గునుగు వెన్ను కాగితంలా పొడిగా, వెండి కలిసిన గులాబీ రంగులో మెరుస్తుంది కదా, ఆ మెరుపు నూలుకు రాదు. సిరిసిల్ల పాలిస్టర్ చీర కొంగులో ఆ మెరుపు దొరికింది. చేలల్లో కలుపు మొక్కగా పీకేసే గునుగును బతుకమ్మ నాడు నెత్తిన పెట్టుకుంటాం, నా పెరటి దడి పక్కన దానికీ చోటు ఉండాల్సిందే.

కుట్టుపని గురించి కొంచెం వివరంగా చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. పాత చీర ఎప్పుడో కుంచించుకుని అయిపోయి ఉంటుంది. కొత్త నూలు గుడ్డ ఇంకా కుంచించుకోలేదు. రెండూ పక్కపక్కన కుట్టి ఉతికితే కొత్తది లాక్కుని బొంత ముడతలు పడుతుంది. కాబట్టి కొత్తగుడ్డను ముందే తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి పెట్టుకోవాలి. ఎరుపు, నీలం, మెరూన్ రంగులైతే ఇంకో పరీక్ష. తడి గుడ్డ మీద తెల్లగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టెతో నొక్కండి. తెల్లదానికి రంగు అంటితే ఆ గుడ్డను రంగు వదలడం ఆగేదాకా ఉతకండి, ఆగకపోతే పక్కన పెట్టేయండి.

తీగలు కుట్టడానికి గుడ్డను నిలువునా అడ్డంగా కత్తిరించకూడదు. ఐమూలగా, టైలర్లు క్రాస్ అంటారే, అట్లా కత్తిరించాలి. క్రాస్ పట్టీ ఎటు వంచితే అటు వంగుతుంది, గుమ్మడి తీగ పెంకుల మీదికి పాకినట్టు పాకించొచ్చు. నిలువు పట్టీ వంపు దగ్గర ముడత పడి లేస్తుంది. ఆకులకు చుట్టూ పావు అంగుళం ఎక్కువ ఉంచి కత్తిరించి, ఆ పావు అంగుళం లోపలికి మడిచి సన్నగా కుట్టాలి. ఆకు లోపలికి వంగిన చోట మడతకు చిన్న గాటు పెట్టాలి, లేకపోతే మడత తిరగదు. కొస దగ్గర ముందు మొనను మడిచి, ఆ తర్వాత రెండు పక్కలూ మడవండి. తంగేడు చిన్నాకులకు ఇదంతా సాగదు, మరీ చిన్నవి. వాటిని నేను దారంతో గొలుసు కుట్టు వేశాను. వంగ పువ్వు నడుమ పసుపు పచ్చని మొనకు ముడి కుట్టు చాలు.

మీ అందరికీ తెలిసినవే, పై పొర, నడుమ పొర, అస్తరు. నడుమ ఏం పెట్టాలన్నది మన ఎండను బట్టి చూసుకోవాలి. ఓరుగల్లు చుట్టూ పత్తి పంట, ఎనుమాముల మార్కెట్‌లో పత్తి గుట్టలు, దూదికి కరువు లేదు. కానీ వదులు దూది పెడితే రెండంగుళాలకు ఒక వరుస చొప్పున దగ్గరగా కుట్టాలి. లేకపోతే ఉతికినప్పుడు దూది ఒక మూలకు జరిగి ముద్ద కడుతుంది. పిల్లల బొంతకు మెత్తటి పాత పంచె రెండు పొరలు నాకు సరిపోయింది. జరగదు, తొందరగా ఆరుతుంది, ఎండాకాలంలో కూడా పక్క మీద వేయొచ్చు.

మూడు పొరలూ పరిచాక కచ్చా కుట్టు వేయండి, నడుమ నుంచి అంచులకు. తొందరలో ఇది మానేస్తే అడుగు పొర జరిగిపోతుంది. ఆ తర్వాత అసలు కుట్టు. పొట్టి సూది, నూలు దారం, దారానికి కాస్త తేనె మైనం రాస్తే చిక్కుపడదు. మూర కన్నా పొడవు దారం తీసుకోవద్దు. అంగుళానికి అయిదారు టాకాలు పడితే చాలా బాగున్నట్టు. మొదట్లో నాలుగు పడినా అన్నీ సమానంగా ఉంటే అందంగానే ఉంటుంది.

కుట్టు వరుసలను ఎటు నడిపించాలన్నది చాలామంది చివరిదాకా ఆలోచించరు. గళ్లు గళ్లుగా వేసేస్తారు. ఆ వరుసలు బొంతను పట్టి ఉంచుతాయి, తోటను కూడా నడిపిస్తాయి. నేను మడుల్లో సాళ్ల లాగా నిలువు వరుసలు వేశాను. కాలువల్లో నీరు పారే దిక్కుగా వేశాను. బోరింగ్ చుట్టూ నీళ్లు పడి అలలు లేచినట్టు గుండ్రంగా తిప్పాను. ఎర్రగుడ్డ మీద ఎర్రదారమే వాడాను, దగ్గరికి వస్తేనే కనబడుతుంది. రాత్రి చీకట్లో కూడా వేలితో తడిమితే ఎక్కడ మడి, ఎక్కడ కాలువ ఉందో తెలుస్తుంది. పిల్లలు నిద్రపట్టేదాకా బొంత కుట్టును వేలితో తడుముతూ ఉంటారు, మీరంతా చూసే ఉంటారు.

మిగతావాళ్ల బొంతల గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. తలుపు పక్కన ముదురు నీలం బొంత చూడండి, అది రాత్రి పెరడు. అందులో తెల్ల పువ్వులే ఉన్నాయి. మల్లె, సన్నజాజి, నందివర్ధనం, పందిరి మీద అనిగెపు పువ్వు. ఎర్రగుడ్డ ఎక్కడా అని వెతికితే వంటింటి కిటికీలోంచి పడే వెలుతురు చదరం అదే. నాకైతే ఈసారి అన్నింటిలోకీ మంచి ఆలోచన అదే. పక్కన ఉన్నది అపార్ట్‌మెంట్ తోట. రంగు డబ్బాలు, నూనె డబ్బాలు, పగిలిన బకెట్లు, ప్రతిదాంట్లో ఒక మొక్క. ఆమెకు మట్టి కొనుక్కోవాల్సిన వస్తువు, అందుకని ఎర్రగుడ్డను డబ్బా నోటి దగ్గర సన్నని గీత లాగానే పెట్టింది. ఆ ఎదురుగా పెద్దమ్మ ఒకావిడది, వయసు డెబ్బై దాటింది. పువ్వు ఒక్కటీ లేదు. మైదాకు చెట్ల దడి, దాని మీద చిక్కుడు తీగ, కాయలు. పువ్వులెందుకు లేవంటే, పెరట్లో పువ్వు పూస్తే కోసి దేవుడికి పెట్టేసేవాళ్లం, ఉండనిచ్చిందెక్కడ అన్నది. ఆ బొంతకు అస్తరు ఆజంజాహి మిల్లు దుప్పటి. 1934లో వరంగల్‌లో మొదలైన ఆ బట్టల మిల్లులో వాళ్లాయన పనిచేశారు. మిల్లు మూతబడి ఎంత కాలమైందో మీకు తెలుసు, ఆ గుడ్డ నేత ఇప్పటికీ బిగువుగానే ఉంది. ఒకసారి పట్టి చూడండి.

అంచుల విషయంలో ఒక చెల్లె మంచి పని చేసింది. కొత్తవాడ జంపఖానాల్లో ఉండే అడ్డగీతలను చూసి అదే వరుసలో పట్టీలు అతికి బొంత చుట్టూ అంచు కట్టింది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేత నేర్చుకోవడం మనందరికీ కుదరకపోవచ్చు. ఆ రంగుల వరుస మాత్రం మన కళ్ల ముందే ఉంది. ఇంకొకరు కాకతీయ తోరణం కుట్టి తోటకు గేటు చేస్తానన్నారు. నేను వద్దన్నాను. తోరణం అందమైనదే, అయితే మనం కార్డు మీదా బ్యాగు మీదా అన్నింటి మీదా అదే వేస్తున్నాం. ఆమె చివరకు తమ పెరటి తడిక తలుపే కుట్టింది. తాటాకు తడిక, సగం విరిగిన పుల్ల కూడా వదలకుండా కుట్టింది. అది చూసినవాళ్లంతా మా ఇంట్లోనూ ఇట్లాంటిదే ఉండేదని చెప్పుకుంటూ అక్కడే నిలబడిపోతున్నారు.

ఇందాక రాసి పంపిన చీటీల్లో ఎక్కువమంది అడిగింది ఉతకడం గురించి. ఇంత పని చేశాక ఉతికితే పాడవుతుందేమో, అద్దంలో బిగించి పెట్టుకోవచ్చా అని ఒకరు రాశారు. దయచేసి బిగించకండి. చల్లని నీళ్లు, కొంచెం సబ్బు, నానబెట్టి చేత్తో పిసకండి. బండకేసి బాదకండి, మెలిపెట్టి పిండకండి. తడి బొంత చాలా బరువుంటుంది, ఒక్క తాడు మీద వేస్తే ఆ బరువుకు కుట్లు తెగుతాయి. మంచం మీదో, రెండు మూడు తాళ్ల మీదో పరిచి నీడలో ఆరేయండి. పసుపు వేసి రంగద్దిన గుడ్డ ఎండకు తొందరగా వెలిసిపోతుంది, అది గుర్తుంచుకోండి. ఏదైనా ఆకు లేస్తే వెంటనే రెండు టాకాలు వేయండి. నా బొంత రేపటి నుంచి మా మనవరాలి పక్క మీదికి పోతుంది.

ఇంకొకరు, పిల్లలకు పరీక్షల టెన్షన్, ఇంటి పని, ఇంత సమయం ఎక్కడిది అని అడిగారు. పెద్ద బొంత మొత్తం ఒడిలో పెట్టుకుని కూర్చోవాలని లేదు. ఒక్కో మడి విడిగా కుట్టుకోండి. జానెడు గుడ్డ, సూది, దారం సంచిలో పెట్టుకుంటే బస్సులో, ఆస్పత్రి వరండాలో, పిల్లల ట్యూషన్ బయట ఎక్కడైనా కుట్టొచ్చు. అన్నీ అయ్యాక కలపండి. మేమిద్దరు ముగ్గురం అట్లాగే చేశాం.

వచ్చే ఛాలెంజ్ అంశం చెరువు గట్టు. పాకాల, రామప్ప, వడ్డేపల్లి, భద్రకాళి, లేదంటే మీ ఊరి చెరువు, ఏదైనా మీ ఇష్టం. ఈసారి అందరికీ పంచే గుడ్డ ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు ఒడ్డున కనబడే ఆ బూడిద రంగు బురదది. నీళ్లకు నీలం అందరూ పెడతారని తెలిసే నీలం ఇవ్వడం లేదు. పొద్దునా సాయంత్రం రెండు పూటలా చెరువు దగ్గరికి వెళ్లి నీళ్లు ఏ రంగులో ఉన్నాయో చూసి, దానికి సరిపోయే పాత చీర మీరే వెతుక్కోండి. ముక్కలు చివరి బల్ల మీద ఉన్నాయి, మనిషికి అర మీటరు. పేరు, ఫోన్ నంబరు రిజిస్టర్‌లో రాసి తీసుకోండి. సూది పట్టడం కొత్తవాళ్లు ఇటు నా దగ్గరికి రండి, క్రాస్ పట్టీ కత్తిరించడం ఇప్పుడే చూపిస్తాను.